పిల్లల చేతికి రూట్

పలాసలో నేను పాఠాలు చెప్పే ఆడపిల్లల కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ తలుపు మీద ఒకరోజు పొద్దున్నే కొత్త కాగితం అంటించి ఉంది. లోపల ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడకూడదని, మాట్లాడినవాళ్ళని ల్యాబ్ నుంచి పంపించేస్తారని అందులో రాశారు. నేను తాళం తీసి లోపలికి వెళ్ళాను. అమ్మాయిలంతా వచ్చి కూర్చునేదాకా ఆగి, "ఈయాల డీమన్ అంటే ఏటో సూద్దాం" అన్నాను.

అంతకుముందు పాఠం చెప్పేటప్పుడు కాస్త పుస్తకాల తెలుగు కలిపేదాన్ని. ఆ రోజు నుంచి కలపడం మానేశాను.

మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "డీమన్ అంటే దెయ్యమా మేడం?"

"గట్టిగా అడుగు."

"దెయ్యమా మేడం?"

"పలకడానికి అలాగే ఉంటాది. తెర మీద కనపడకుండా ఎనకాల పని సేసుకుంటా ఉండేది. మీరు ప్రింట్ అని కొట్టగానే కాయితం బయటికి వత్తాది కదా. ఆ మాట కోసం కాసుకుని కూకున్నదే డీమన్. మిసను ఎలిగిన కాణ్నుంచి ఆరీదాకా ఉంటాది. దానికేసి ఎవులూ సూడరు."

వెనక బెంచీలో ఎవరో "మాయమ్మలాగ" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వరండాలో ఎవరో ఆగి, మళ్ళీ నడిచి వెళ్ళిన చప్పుడు వినిపించింది.

మాది ఉద్దానంలో, సముద్రం ఒడ్డున చేపలవేట మీద బతికే ఊరు. మా అయ్య కుర్రతనంలో తెప్ప మీద, తర్వాత ఇంజను పడవ మీద సముద్రానికి వెళ్ళేవాడు. నేను టెక్కలిలో డిగ్రీ చదివాను. కంప్యూటర్ సైన్సు తీసుకుంటానంటే ఇంట్లో ఎవరూ వద్దనలేదు. అదేమిటో ఎవరికీ తెలియదు కాబట్టి వద్దనడానికి కారణం దొరకలేదు. చదువయ్యాక హైదరాబాదులో ఒక కంపెనీలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం వచ్చింది. సర్వర్ అంటే ఎక్కడో చల్లటి గదిలో ఉండి, వేలమంది ఒకేసారి అడిగే పనులు చేసిపెట్టే కంప్యూటర్. మేం చూసేవాటి మీద నడిచేది లినక్స్. అందులో నేను పనిచేసే తెర మీద బొమ్మలుండవు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మనం కొట్టబోయే మాట కోసం మిణుకుమనే చిన్న గీత. దాన్ని టెర్మినల్ అంటారు. మొదటిరోజే నాకు అది నచ్చింది. ఎక్కడినుంచి వచ్చావని అది అడగలేదు.

మనుషులు అడిగారు. మా టీమ్ లీడ్ ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "పని బాగా చేస్తావు, కానీ క్లయింట్ ఫోన్ చేస్తే మాత్రం నువ్వు తీయకు" అన్నాడు. ఆ క్లయింటు విజయవాడ మనిషి. ముందురోజు నేను ఫోన్లో "ఏటండీ" అన్నానట. అది విని వాళ్ళ గదిలో అందరూ నవ్వుకున్నారట. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా వాళ్ళు కూడా నా చేత ఆ మాట అనిపించుకుని నవ్వేవారు. ఒక పండగ ముందురోజు ఆ క్లయింటు పెద్ద సర్వర్ పడిపోయి, అందరూ ఊళ్ళకెళ్ళే హడావుడిలో ఉంటే, కూర్చుని దాన్ని లేపింది నేను. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టారు.

తర్వాత మా అయ్యకి కిడ్నీలు పాడయ్యాయని తెలిసింది. ఉద్దానంలో ఇది ఏ ఇంటికీ కొత్త కబురు కాదు, అక్కడి నీళ్ళ వల్లేనంటారు. పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి, తీసుకురావాలి, మళ్ళీ తీసుకెళ్ళాలి. నేను వచ్చేశాను. దాన్ని త్యాగం అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు మా అయ్య దగ్గర ఉండాలనిపించింది, వచ్చాను. పలాసలో ఈ కాలేజీలో ల్యాబ్ చూసుకోవడానికి మనిషి కావాలంటే చేరాను.

ల్యాబ్‌లో ఉన్నవి పాత మెషీన్లు. విండోస్ పెట్టి ఏళ్ళయింది. వైరస్ పట్టి, ఒక్కోటి తెరుచుకునేసరికి పీరియడ్ సగం అయిపోయేది. కాలేజీ నడిపే పెద్దమనిషిని అందరూ కరెస్పాండెంట్ గారు అంటారు. కొబ్బరితోటలు, పొలాలు ఉన్న కుటుంబం. ఎన్నికలొస్తే ఆయన ఇంటిముందు కార్లు బారులు తీరుతాయి. కొత్త మెషీన్లు అడిగితే ఆయన చెయ్యి ఊపి, "ఉన్నవాటితోనే కానివ్వండి" అన్నారు. లినక్స్ పెట్టుకుంటానంటే, "ఊరికే వస్తుందంటే ఏదైనా పెట్టుకోండి" అన్నారు. వేసవి సెలవుల్లో కూర్చుని అన్నిటిలోనూ లినక్స్ ఎక్కించాను. పాత మెషీన్లు మళ్ళీ చకచకా నడవడం మొదలుపెట్టాయి.

కాలేజీ తెరిచాక అమ్మాయిలు నల్ల తెర చూసి బెదిరిపోయారు. చెడిపోయిందేమోనని ఒకమ్మాయి స్విచ్ ఆపేసింది. మొదటి పాఠం కెర్నల్, షెల్ అనే రెండు మాటల మీద. పుస్తకంలో ఇంగ్లీషులో అరపేజీ నిర్వచనం ఉంది. అందరూ దాన్ని బట్టీ పట్టుకుని వచ్చారు. ఒక్కరికీ అర్థం కాలేదు. నేను పుస్తకం మూసేసి, "కెర్నల్ అనే మాట ఇంకెక్కడైనా సూసినారా?" అని అడిగాను.

మొదటి బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. వాళ్ళమ్మ కాశీబుగ్గలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. "మాయమ్మ ఫ్యాక్టరీలో డబ్బాల మీద రాసుంటాది మేడం, కేష్యూ కెర్నల్స్ అని. పప్పు."

"మరి షెల్?"

"పిక్క మీద తొక్క."

క్లాసంతా గొల్లుమంది. ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. నవ్వాల్సిన పనిలేదని, పేరు పెట్టినవాళ్ళు సరిగ్గా అదే అనుకుని పెట్టారని చెప్పాను. లోపల ఉండి మెషీన్‌లోని ఇనుముతో, తీగలతో నేరుగా మాట్లాడేది కెర్నల్. ఏ పనికి ఎంత మెమరీ ఇవ్వాలో, డిస్కు మీద ఎవరు ఎప్పుడు రాయాలో తేల్చేది అదే. మనం దాన్ని నేరుగా తాకలేం. బయట ఉండి మనం కొట్టిన మాట అందుకుని, లోపలికి అందించి, జవాబు తెచ్చేది షెల్.

"పిక్క తొక్కకి జీడి ఉంటాది మేడం, సేతులు కాలిపోతాయి. ఇది కూడా కాలుస్తాదేటి?" అని అడిగింది ఆ అమ్మాయి.

"జాగర్తగా లేకపోతే కాలుస్తాది" అన్నాను.

అక్కణ్ణుంచి బెదురు పోయింది. ఫైళ్ళన్నీ ఒక చెట్టులా ఒకే మొదలు నుంచి ఎలా కొమ్మలు వేస్తాయో, పెన్‌డ్రైవ్ పెడితే దాన్ని ఆ చెట్టులో ఒక కొమ్మకి ఎలా తగిలించాలో, ఆ తగిలించడాన్నే మౌంట్ అంటారని, నడుస్తున్న ప్రతి పనినీ ప్రాసెస్ అంటారని, దానికో నంబరుంటుందని వాళ్ళు వాళ్ళ మాటల్లోనే చెప్పుకునేవారు. ఒకమ్మాయి పక్కమ్మాయితో "నీ ప్రాసెస్ మొండికేసినాది, సంపీ" అంటుంటే నేను అడ్డుపడలేదు. లినక్స్‌లో కూడా ఆ ఆజ్ఞ పేరు కిల్ అనే.

పర్మిషన్ల పాఠం చెప్పిన రోజు మాత్రం నవ్వులు రాలేదు. ప్రతి ఫైలుకీ మూడు రకాల మనుషులుంటారని బోర్డు మీద రాశాను. ఒకరు ఓనర్. ఆ ఫైలు వాళ్ళది. తర్వాత గ్రూప్, ఓనర్ చేరదీసినవాళ్ళు. ఆ తర్వాత మిగిలిన లోకం. వాళ్ళని అదర్స్ అంటారు, ఇతరులు. ఒక్కొక్కరికి మూడు హక్కులు. చదవడం, రాయడం, నడపడం. హక్కు ఉంటే అక్షరం కనిపిస్తుంది, లేకపోతే అక్కడ చిన్న అడ్డగీత. కాలేజీ మెషీన్‌లో ఒక ఫైలు తీసి చూపించాను. ఇతరులకి మూడూ గీతలే.

నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళమ్మాయి ఒకతె ఉండేది. ఎప్పుడూ మాట్లాడేది కాదు. ఆ రోజు తెరకేసి చూస్తూ, "ఇందులో మనమెక్కడున్నాం మేడం?" అంది.

"ఆకర్న" అన్నాను.

"అది మార్సడానికి అవదా?"

"అవుతాది. సిమాడ్ అని ఒక ఆజ్ఞ ఉన్నాది. కానీ ఓనరైనా కొట్టాల, రూటైనా కొట్టాల."

రూట్ అనేది లినక్స్‌లో రెండు చోట్ల వస్తుంది. ఫైళ్ళ చెట్టు మొదలుని రూట్ అంటారు. మెషీన్ మొత్తం మీద అధికారం ఉన్న యూజర్ పేరూ రూటే. అతనికి అడ్డగీతల్లేవు. ఏది తెరవమన్నా తెరుచుకుంటుంది, ఏది తుడిచెయ్యమన్నా తుడిచేస్తుంది, నిజంగా కావాలా అని రెండోసారి అడగదు. అందుకే రూట్ పాస్‌వర్డ్ ఎప్పుడూ ల్యాబ్ చూసేవాళ్ళ దగ్గరే ఉంటుంది. పిల్లలకి ఇవ్వరు. ఇవ్వకపోతే వాళ్ళు ఎన్నేళ్ళు చదివినా అడిగినవాటికి జవాబులు రాస్తారు తప్ప మెషీన్ నడపలేరు. హైదరాబాదులో నేను అలాంటి వాళ్ళని చాలామందిని చూశాను. డిగ్రీలుంటాయి, ఆజ్ఞ కొట్టాలంటే పక్కవాళ్ళని పిలుస్తారు. అందుకని నేను అమ్మాయిల్ని జట్లుగా విడదీసి, జట్టుకో మెషీన్ ఇచ్చి, దాని రూట్ పాస్‌వర్డ్ వాళ్ళనే పెట్టుకోమన్నాను. పాడుచేస్తే ఎవరు పాడుచేశారో వాళ్ళే బాగుచెయ్యాలి. అదొక్కటే షరతు.

ట్రైనర్ వచ్చింది అప్పుడే. ఉద్యోగాలకి తయారుచెయ్యడానికని కరెస్పాండెంట్ గారు హైదరాబాదు నుంచి పిలిపించారు. నా వయసువాడే. చెడ్డవాడు కాదు, తను చెప్పేది మంచిదనే నమ్మేవాడు. మొదటిరోజు నా క్లాసు వెనక నిలబడి విన్నాడు. అయ్యాక వరండాలో, "మేడం, ఇలా తెలుగులో చెప్తే వీళ్ళు ఎక్కడికీ వెళ్ళలేరు. అందులోనూ ఈ స్లాంగు. ఇంటర్వ్యూలో ఏటి అన్నారంటే గేటు దగ్గరే ఆపేస్తారు" అన్నాడు.

"నన్ను గేటు దగ్గర ఆపలేదండి. లోపలికి రానిచ్చాకే నవ్వారు" అన్నాను. "ఇంగ్లీషు నేర్పడానికి మీరున్నారు కదా, నేర్పండి. నేను అడ్డం రాను. నా పీరియడ్‌లో వాళ్ళకి అర్థం కావడం ముఖ్యం."

తర్వాత కొన్నాళ్ళకే అతని క్లాసులో మా మొదటి బెంచీ అమ్మాయి, "సార్, ఇది ఏటి?" అని అడిగినందుకు బయట నిలబడింది. ఆ తర్వాత ల్యాబ్ తలుపు మీద కాగితం వచ్చింది. నేను డీమన్ పాఠం చెప్పాను. వారం తిరక్కుండా అసలు గొడవ జరిగింది.

ఆ రోజు మొదటి బెంచీ అమ్మాయి తన జట్టు మెషీన్‌లో కూర్చుని, యూఎస్సార్ అనే పెద్ద డైరెక్టరీలో తను అభ్యాసం కోసం చేసుకున్న చిన్న ఫోల్డరు తుడిచెయ్యాలనుకుంది. రూట్‌గా ఉంది. తుడిచే ఆజ్ఞ కొట్టి, ఆ ఫోల్డరు ఎక్కడుందో చెప్పే దారి కొట్టేటప్పుడు మధ్యలో ఒక ఖాళీ పడింది. ఆ ఖాళీతో దారి రెండు ముక్కలైంది. చిన్న ఫోల్డరు బదులు మొత్తం యూఎస్సార్‌ని తుడవమన్నట్టయింది. లినక్స్‌లో మనం వాడే ఆజ్ఞలన్నీ ఉండేది అక్కడే. మెషీన్ చెప్పినపని చేసింది.

"మేడం, ఫైళ్ళు సూపించమని ఎల్ ఎస్ కొడితే నేదంటంది" అంది. "ఏది కొట్టినా నేదంటంది. సంపీసినానేటి?"

వెళ్ళి చూశాను. ఏమైందో అర్థమైంది. అందరినీ ఆ మెషీన్ చుట్టూ రమ్మన్నాను. ఎకో అని కొట్టి ఒక మాట రాయమన్నాను. తెర ఆ మాట తిరిగి చెప్పింది.

"సూడు, బతికే ఉన్నాది. డిస్కు మీదున్నవి పోయినాయి. మెమరీలోకి ముందే ఎక్కిన కెర్నల్ నడుస్తన్నాది, షెల్ నడుస్తన్నాది. ఎకో అనేది షెల్ లోపలే ఉంటాది, అందుకని పలికింది. ఇప్పుడు గాని ఆపీసినావంటే తనంతట తాను మళ్ళీ లెగదు. ఏ పుస్తకం సదివినా మీకు ఇంత బాగా అర్థమవదు."

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "మరిప్పుడు ఏటి సెయ్యాల?"

"ఆపీ. లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకో. కొత్తగా ఎక్కించు."

ఎక్కించింది. నేను కుర్చీలో కూర్చుని చేతులు కట్టుకున్నాను. హోమ్ డైరెక్టరీ, అంటే పిల్లలు తమ ఫైళ్ళు దాచుకునే చోటు, సెలవుల్లోనే డిస్కులో వేరే భాగంలో పెట్టాను కాబట్టి దాన్ని ముట్టకుండా మిగతాదే ఎక్కించాలి. ఏ భాగమో ఆ అమ్మాయి రెండుసార్లు చూసుకుని, పక్కమ్మాయి చేత కూడా చూపించి, అప్పుడు సరే అని నొక్కింది. మెషీన్ మళ్ళీ లేచింది. అందరి ఫైళ్ళూ ఉన్నాయి. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. ట్రైనర్ ఆ చప్పుడికి లోపలికొచ్చాడు. ఏం జరిగిందో అడిగి తెలుసుకుని, తిన్నగా కరెస్పాండెంట్ గారి గదికి వెళ్ళాడు.

మర్నాడు నన్ను పిలిచారు. ఆ అమ్మాయినీ, వాళ్ళమ్మనీ కూడా పిలిపించారు. వాళ్ళమ్మ ఫ్యాక్టరీ నుంచి సగం పనిలో వచ్చింది. జీడి అంటి నల్లబడ్డ వేళ్ళు కొంగులో దాచుకుని గుమ్మం పక్కన నిలబడింది. కుర్చీ ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. నేను కుర్చీ లాగి ఆమె దగ్గర పెట్టి, నేను నిలబడ్డాను.

"మీ పిల్ల కంప్యూటర్ పాడుచేసిందమ్మా. మొత్తం తుడిచేసింది" అన్నారు కరెస్పాండెంట్ గారు.

ఆమె కూతురివైపు చూసింది. "మళ్ళీ ఎలిగిందా?"

"ఎలిగింది" అంది పిల్ల.

"ఎవులు ఎలిగించినారు?"

"నానే."

"మరింకేటి బాబూ?" అందామె ఆయన వైపు తిరిగి. ఎదురు చెప్పడానికి అనలేదు. నిజంగానే ఆమెకి ఇంకేం మిగిలిందో తెలియలేదు.

కరెస్పాండెంట్ గారు నావైపు తిరిగారు. విషయం మెషీన్ గురించి కాదన్నారు. క్రమశిక్షణ గురించన్నారు. పిల్లల చేతికి రూట్ ఇవ్వడం తప్పు, ల్యాబ్‌లో చెప్పినా వినకుండా తెలుగు మాట్లాడటం తప్పు. రెండూ తప్పేనని నేను రాసివ్వాలి. ఆ అమ్మాయి ఈ సెమిస్టరంతా ల్యాబ్ గుమ్మం తొక్కకూడదు. ట్రైనర్ కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు.

"నేను రాయనండి" అన్నాను. "ఆ అమ్మాయి తప్పు చేసింది, బాగుచేసింది. నేను చెప్పింది అదే. తెలుగులో చెప్పడం తప్పని నేను ఎక్కడా సంతకం పెట్టను."

ఆయనకి కోపం వచ్చింది. కోపంలో ఇంగ్లీషు పోయింది, పట్నం తెలుగూ పోయింది. "ఏటమ్మా, ఎవల్తో మాటాడతన్నావో తెలుస్తందా నీకు?"

"తెలుస్తంది సార్. మీరూ ఏటి అనే అంటన్నారు."

ట్రైనర్ బూట్లకేసి చూసుకున్నాడు. ఆయన మొహం కందగడ్డలా అయింది. తర్వాత నెమ్మదిగా, రేపటి నుంచి రావద్దన్నారు.

మెషీన్లు కాలేజీవి. వాటి మీద నాకు పేచీ లేదు. నా దగ్గరున్న పాస్‌వర్డులన్నీ రాసిచ్చాను. తాళాలు బల్ల మీద పెట్టాను. గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి పరుగున వచ్చి, "నా వల్లే కదా మేడం" అంది.

"నీ వల్ల ఏటి కానేదు. నువ్వు ఖాళీ ఒక్కటి ఎక్కువ కొట్టినావు. మిగతాదంతా నాను సేసినాను, కావాలనే సేసినాను."

ఆ సాయంత్రం ఇంట్లో మా అయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. కబురు నాకంటే ముందే ఊళ్ళోకి వచ్చింది. "పోనాదా?" అన్నాడు.

"పోనాది."

"ఉంచమని అడుక్కున్నావేటి?"

"నేదు."

"అయితే కూకో. తిను."

నాకు ఏడుపొచ్చింది అప్పుడే. ఆ రోజంతా రానిది ఆయన ఆ రెండు మాటలకి వచ్చింది. తినేసి లేచేసరికి ఏం చెయ్యాలో తేలిపోయింది. చెప్పడం ఆపే ఉద్దేశం నాకు లేదు. ల్యాబ్ లేదు, అంతే.

కాశీబుగ్గలో సైకిల్ షాపు మీద ఒక గది ఖాళీగా ఉంటే తీసుకున్నాను. నా లాప్‌టాప్ ఒకటి. ఎవరెవరి ఇళ్ళలోనో మూలపడి ఉన్న పాతవి కొన్ని. లినక్స్ సొగసు అక్కడే ఉంది. అందరూ పనికిరాదన్న మెషీన్ మీద కూడా నడుస్తుంది. దాని సోర్స్ కోడ్, అంటే అది ఎలా తయారైందో చెప్పే అసలు రాత, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు. కాలేజీ వదిలిన తర్వాత అమ్మాయిలు వచ్చేవాళ్ళు. మొదట్లో కొద్దిమందే. మా దగ్గరికి వస్తే మార్కులు పోతాయని ఎవరో పుకారు పుట్టించారు. కొందరి ఇళ్ళలో మాన్పించారు. మొదటి బెంచీ అమ్మాయిని వాళ్ళమ్మ తనే తీసుకొచ్చి, మెట్ల కింద నిలబడి, పిల్ల పైకెక్కేదాకా చూసి వెళ్ళింది.

అన్నీ బాగా జరిగాయని చెప్పను. నౌపడ అమ్మాయి రావడం మానేసింది. వాళ్ళ నాన్నకీ కిడ్నీల జబ్బే. ఆమె ఉప్పు మడుల్లోకి వెళ్ళింది. నేను రెండుసార్లు ఆ ఊరు వెళ్ళాను. రెండోసారి ఆ అమ్మాయి ఎండలో ఉప్పు గుట్ట పక్కన నిలబడి, "ఇంక రాకండి మేడం, నాకు బాధగా ఉంటాది" అంది. నాకు మటుకు కోపం వచ్చింది. ఎవరిమీదో సరిగ్గా చెప్పలేను. ఆ నీళ్ళ మీద, ఆ జబ్బు మీద, ఆ అడ్డగీతల మీద. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా అనుకోవడం లేదు.

మొదటి బెంచీ అమ్మాయికి మొదటి ఇంటర్వ్యూలో ఉద్యోగం రాలేదు. అన్నీ ఇంగ్లీషులో అడిగారు, తడబడింది. వచ్చి గదిలో కూర్చుని, "ఆ సార్ సెప్పిందే నిజమేటో మేడం" అంది.

"ఇంగ్లీషు రావాల. నాను కాదన్నానా? కూకో, సదువు. దానికోసం నీ మాట ఒగ్గీమని మాత్రం ఎవులు సెప్పినా ఇనకు."

రెండోది విశాఖపట్నంలో చిన్న కంపెనీ. అక్కడ ప్రశ్నలు అడగలేదు, చేతికి ఒక మెషీన్ ఇచ్చారు. నత్తలా నడుస్తోంది, ఎందుకో చెప్పమన్నారు. ఈ అమ్మాయి నడుస్తున్న ప్రాసెస్‌లన్నీ చూసింది. ఒకటి మెషీన్ బలమంతా తినేస్తోంది. కిల్ చేసింది. వెంటనే అదే మళ్ళీ లేచింది. మళ్ళీ కిల్ చేస్తే మళ్ళీ లేచింది. అప్పుడు ఆగి, దీన్ని ఎవరో వెనక నుంచి లేపుతున్నారని ఆలోచించింది. లేపుతున్న డీమన్‌ని వెతికి పట్టుకుని ముందు దాన్ని ఆపింది. మెషీన్ తేలికపడింది. ఎలా కనిపెట్టావని అడిగితే సగం ఇంగ్లీషు, సగం మా తెలుగు కలిపి చెబుతోంది. "ఏటి జరిగిందంటే" అనేసరికి ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ఒకాయన ఫక్కున నవ్వాడట.

"నువ్వేటి సేసినావు?" అని అడిగాను.

"ఆగినాను మేడం. మీ నవ్వు అవనీండి సార్, అప్పుడు సెప్తానన్నాను."

ఆయన నవ్వు ఆపాడు. ఈ అమ్మాయి చెప్పడం పూర్తిచేసింది. ఉద్యోగం ఇచ్చారు. వాళ్ళ సర్వర్లు చూసుకుంటోంది, రూట్ పాస్‌వర్డ్ తెలిసిన కొద్దిమందిలో ఆమె ఒకతె. ఫోన్లో క్లయింట్లతో తనే మాట్లాడుతుంది.

ఈమధ్య ఒక పొద్దున అయ్యని డయాలసిస్‌కి దింపి, పలాసలో ఆటో కోసం నిలబడ్డాను. కరెస్పాండెంట్ గారి కారు పక్కన ఆగింది. అద్దం దించి, ఆ ట్రైనర్ ఎప్పుడో వెళ్ళిపోయాడని, ల్యాబ్ మూతపడి ఉందని, మా గదికి పిల్లలు బాగా వస్తున్నారని విన్నానని అన్నారు. మళ్ళీ చేరమన్నారు. "తెలుగులోనే సెప్పుకో అమ్మా, నానేటి అనను. రూట్ మాత్రం నీ దగ్గరే ఉంచుకో. పిల్లలకి ఎందుకది?"

ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే రమ్మంటున్నారు. నెలనెలా జీతం, కరెంటు పోని గది, మంచి కుర్చీలు. అన్నీ ఒక్క క్షణం కళ్ళముందు కనిపించాయి.

"పిల్లలకే అది కావాలండి. అది లేకుండా నాను రాను" అన్నాను.

ఆయన అద్దం ఎత్తుకున్నారు. ఆటో వచ్చింది, ఎక్కాను.

గదికి వెళ్ళేసరికి మెట్ల మీద నుంచే గోల వినిపిస్తోంది. కవిటి వైపు నుంచి కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు పాతవాళ్ళతో వాదన పెట్టుకున్నారు. లినక్స్‌లో లోపలి కెర్నల్ ఒకటే అయినా, దాని చుట్టూ ఎవరికి నచ్చిన సామాను వాళ్ళు పేర్చి వేరు వేరు పేర్లతో ఇస్తారు. వాటిని డిస్ట్రోలు అంటారు. కొత్తగా దొరికిన లాప్‌టాప్‌లో ఏ డిస్ట్రో పెట్టాలన్నది వాళ్ళ తగువు. ఒకామె తేలికగా ఉండేది కావాలంటుంది, ఇంకొకామె బలంగా ఉండేది కావాలంటుంది. కొత్తమ్మాయిలకి ఒడియా యాస కూడా కలిసి మాట ఇంకో రకంగా వంకరలు తిరుగుతోంది. కింద సైకిల్ షాపాయన తల బయటపెట్టి, "మీ గుంటలు ఏటమ్మా, పైన యుద్దం సేత్తన్నారు" అన్నాడు.

"సెయ్యనీండి" అని పైకెక్కాను. లోపలికి వెళ్ళగానే అందరూ ఒకేసారి నావైపు తిరిగి, ఏది మంచిదో నన్ను తేల్చమన్నారు. నేను చెప్పనన్నాను. వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు, ఇంకా గట్టిగా.